ముందు తలుపు, తర్వాతే టేబులు

ప్రశ్న: నేను గుంటూరులో ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటుని. సివిల్, ఫ్యామిలీ కేసులు ఎక్కువ. అమరావతిలో హైకోర్టు పని కూడా చూసుకుంటాను. మావారి ఉద్యోగం మారడంతో జూన్‌లో బెంగళూరు వచ్చేశాం. మారతహళ్లి దగ్గర రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటు. ఒక గదిలో మా అత్తగారు, నాలుగేళ్ల బాబు పడుకుంటారు. మావారికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. నా కేసులు వదులుకోవడం నాకిష్టం లేదు. హైకోర్టు వాయిదాలు వీడియోలో చూసుకుంటూ, డ్రాఫ్టింగు ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. హాల్లో కిటికీ పక్కన ఒక మూల ఖాళీగా ఉంది. మావారేమో బాల్కనీకి అద్దాలు బిగిద్దాం అంటున్నారు. లక్ష రూపాయలు పక్కన పెట్టుకున్నాను. టేబులు ఎక్కడ వేయాలి? ఎలాంటి కుర్చీ కొనాలి? లాప్‌టాప్ మూడేళ్ల కిందటిది, మార్చాలా? క్లయింట్లు ఇంటికి వస్తే ఫర్వాలేదా? బయట బోర్డు పెట్టుకోవచ్చా? ఇంట్లో ఆఫీసు పెడితే కరెంటు కమర్షియల్ అవుతుందని ఓనరు అంటున్నారు, నిజమేనా? 
— ఒక పాఠకురాలు, మారతహళ్లి (పేరు వద్దన్నారు)

సమాధానం: అమ్మా, టేబులు, కుర్చీ, లాప్‌టాప్ అన్నీ అడిగారు గానీ గదికి మూసుకునే తలుపు సంగతి ఎక్కడా రాయలేదు. వకీలు ఇంట్లో ఆఫీసు పెట్టుకునేటప్పుడు నేను మొదట అడిగేది అదే. మిగతా ఉద్యోగాల వాళ్లు ఇంటికి తెచ్చుకునేది తమ పని. మనం తెచ్చుకునేది ఇంకొకరి కాపురం, ఇంకొకరి పొలం, ఇంకొకరి పరువు. అందుకని హాలు మూల వద్దు. బాల్కనీ అసలే వద్దు.

బాల్కనీకి అద్దాలు బిగించినంత మాత్రాన మాట లోపలే ఆగదు. పైన, కింద బట్టలు ఆరేసుకునేవాళ్లకు ప్రతి ముక్కా వినిపిస్తుంది. పైగా మీరుండేది మారతహళ్లిలో. మునేకొళాల, కుందలహళ్లి, ఆ చుట్టుపక్కల ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. గుంటూరులో నడిచే విడాకుల కేసులో భర్త తరఫు మేనమామ మీ కింది ఫ్లాటులోనే కాపురం ఉండవచ్చు. మీరు ఫోన్లో పేరు ఎత్తకపోవచ్చు. "నరసరావుపేట పిల్ల, అబ్బాయి ఇంజనీరు, పెళ్లికి ఎకరం రాసిచ్చారు" అన్న మూడు ముక్కలు చాలు, ఆ ఇల్లేదో మనవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

చట్టం సంగతీ చూడండి. క్లయింటు మనతో చెప్పుకున్న మాటకు భారతీయ సాక్ష్య అధినియమం 2023లో 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో అది 126, 127 సెక్షన్లుగా ఉండేది. ఆ కట్టుబాటు అడ్వకేటుకు, దుబాసీకి, అడ్వకేటు గుమాస్తాలకు, ఉద్యోగులకు వర్తిస్తుంది. ఆ జాబితాలో భర్త లేరు, అత్తగారు లేరు, పనమ్మాయి లేదు. వాళ్లు మంచివాళ్లు కాదని నా ఉద్దేశం కాదు. వాళ్ల చెవిన వేసి వాళ్లను ఇరుకున పెట్టడం మన తప్పవుతుంది, అంతే.

ఇక ఏ గది? మీ అత్తగారి గది జోలికి వెళ్లకండి. పెద్దావిడను పగలంతా హాల్లో కూర్చోబెట్టి మనం తలుపు వేసుకుంటే నెల తిరక్కుండా ఇంట్లో మాటలు మొదలవుతాయి. మీ పడకగదిలోనే టేబులు వేసుకోండి, పగలు అది ఎలాగూ ఖాళీ. మీవారికి ఇంటి నుంచి పని ఉన్న రెండు రోజులూ ఆయన హాల్లో కూర్చోవాలి. ఆ మాట ఇప్పుడే తేల్చుకోండి. ఇద్దరికీ ఒకే వేళ కాల్ వచ్చిన రోజున తేల్చుకుందామంటే కుదరదు.

మన ఫ్లాట్లలో గది తలుపులు చాలావరకు తేలికపాటి ఫ్లష్ తలుపులు. మాట పలకలోంచి కంటే కింద సందులోంచి ఎక్కువ పోతుంది. తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ, చట్రం చుట్టూ అంటించే ఫోము పట్టీ హార్డ్‌వేర్ షాపులో కొన్ని వందల్లో దొరుకుతాయి. తలుపుకు లోపలి వైపు మందపాటి కర్టెన్ ఒకటి వేయండి. పక్క ఫ్లాటుతో కలిసిన గోడ ఏదో చూసుకుని పుస్తకాల అలమర దానికే ఆనించండి. తర్వాత మీవారిని బయట నిలబెట్టి, లోపల నుంచి మామూలు గొంతుతో ఒక ప్లెయింటు (దావా కాగితం) చదివి చూడండి. మాటలు విడివిడిగా తెలుస్తున్నాయంటే ఇంకా పని ఉందన్నమాట. స్పీకర్ ఫోను ఆ గదిలో ఎప్పుడూ వద్దు. మైకున్న వైరు హెడ్‌సెట్ వాడితే అవతలి మనిషి మాట మీ చెవి దాటదు. మాట వినే స్మార్ట్ స్పీకర్ ఇంట్లో ఉంటే దాన్ని వంటింటికో హాలుకో పంపేయండి.

ఇదంతా చేసి, ఫోను సంగతి మర్చిపోయేవాళ్లు చాలామంది. క్లయింటు వాట్సాప్‌లో పంపిన ఫోటో మీ ఫోను గ్యాలరీలోకి దానంతట అదే దిగుతుంది. బ్యాకప్ పెట్టి ఉంటే అది గూగుల్ ఫోటోస్‌కు ఎక్కుతుంది. ఆ అకౌంటును మీవారితో పంచుకుని ఉంటే ఆయన ఫోన్లోనూ కనిపిస్తుంది. హాల్లో టీవీకి కలిపి ఉంటే బాబు పుట్టినరోజు బొమ్మల మధ్యలో ఎవరిదో మెడికల్ రిపోర్టు తెర మీదికి వస్తుంది. ఈ రోజే వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్లి మీడియా గ్యాలరీలో కనిపించకుండా, ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి. వీలైతే ప్రాక్టీసుకు వేరే నంబరు, పాతదైనా సరే వేరే ఫోను పెట్టుకోండి. అది బాబు చేతికి వెళ్లకూడదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. క్లయింటు పంపిన వాట్సాప్ సంభాషణ, ఆడియో రేపు సాక్ష్యంగా పెట్టాల్సి వస్తే అదే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. అందుకని అసలు ఫోను క్లయింటు దగ్గరే భద్రంగా ఉంచమని, ఏదీ డిలీట్ చేయవద్దని మొదటి రోజే చెప్పండి. మీకు ఫార్వర్డ్ చేసినది చదువుకోవడానికి మాత్రమే.

లాప్‌టాప్ మార్చక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే మన పనికి సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ లేకపోతే ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్లి వేయించుకోండి, కొత్త దానితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. షాపులో వదిలిపెట్టి రావద్దు, పక్కనే నిలబడి చేయించుకోండి, పాత డిస్క్ తిరిగి తెచ్చుకోండి. తర్వాత విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్ చేసి, రికవరీ కీ కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో దాచండి. లాప్‌టాప్ ఆటోలో మర్చిపోయినా క్లయింట్ల కాగితాలు ఎవరి చేతిలోనూ పడవు. బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. ఒకటి పాస్‌వర్డు పెట్టిన హార్డ్‌డిస్క్ మీద, ఇంకోటి డబ్బు కట్టి తీసుకున్న క్లౌడ్‌లో, రెండంచెల లాగిన్‌తో.

ఉచితంగా దొరికే ఏఐ చాట్లలో క్లయింటు కాగితాలు ఎక్కించి "సారాంశం చెప్పు" అనకండి. అవి ఇచ్చే తీర్పుల సైటేషన్లు అసలు తీర్పు తెరిచి చూడకుండా పిటిషన్లో పెట్టకండి. ఇక్కడే, బెంగళూరు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్లో 2024 చివర్లో ఒక ఆర్డరులోకి అసలు ఉనికిలోనే లేని తీర్పులు చేరాయని తెలిసి ఆ ఆర్డరును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కోర్టులో ఉంటే బార్ లైబ్రరీలో పక్కాయన "అలాంటి కేసే లేదు" అని చెప్తాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ మాట చెప్పేవాళ్లుండరు.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది స్కానర్, ప్రింటర్ మీద. రెండింటినీ వేరువేరుగా తెచ్చుకోమనే చెప్తాను. కాగితాల కట్ట పెడితే రెండు వైపులా తనే లాక్కుని స్కాన్ చేసే షీట్‌ఫెడ్ స్కానర్ సుమారు పాతిక వేలు, రెండు వైపులా ప్రింటు చేసే నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ సుమారు పద్దెనిమిది వేలు. ఫోను యాప్‌తో తీసిన స్కాన్ పక్కకు వంగి, అంచులు నల్లబడి, రిజిస్ట్రీలో అభ్యంతరం వేయించుకుంటుంది. 300 డీపీఐలో స్కాన్ చేసి, ఇంగ్లిషు కాగితాలకు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) పెట్టి, మాట వెతికితే దొరికేలా పీడీఎఫ్ చేయండి. మన దస్తావేజులు, అడంగళ్లు, 1-బీ నకళ్లు తెలుగులో ఉంటాయి. చేతిరాత దస్తావేజుకు ఓసీఆర్ పనికిరాదు. దానికి మీరే కూర్చుని విషయసూచిక తయారు చేసుకోవాలి.

పేజీ నంబర్ల దగ్గర జాగ్రత్త. కేసు కట్టలో ముందు ఇండెక్సు, క్రోనాలజీ (తేదీల వరుస) ఉంటాయి, వాటికి నంబరు ఉండదు. పీడీఎఫ్ మాత్రం మొదటి కాగితం నుంచే లెక్కపెడుతుంది. జడ్జిగారు 47వ పేజీ అంటారు, మీరు 47 కొడతారు, తెర మీద 43 వస్తుంది. ఎదురు పక్షం లాయరు కోర్టు హాల్లో కట్ట విప్పి నిలబడి ఉంటారు, మీరు తెర వెనక పేజీలు తిప్పుతూ ఉంటారు. పీడీఎఫ్‌లో పేజీ లేబుళ్లు మార్చుకునే వీలుంది. అది చేసి, ప్రతి అనెక్చరుకూ (జత చేసిన కాగితానికి) బుక్‌మార్కు పెట్టండి. ఇందుకే 24 అంగుళాల మానిటర్ ఒకటి కొనుక్కోమంటాను. ఒక తెర మీద కోర్టు, ఇంకో తెర మీద కట్ట.

వీడియోలో హాజరవడానికి మొహమాటపడనక్కర్లేదు. వీడియో గానీ హైబ్రిడ్ గానీ వద్దని ఏ హైకోర్టూ అనకూడదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 6న చెప్పింది. అయితే వీడియో నియమాల్లో ఉన్నదల్లా పాటించాలి. కోర్టు హాల్లో ఉన్నంత మర్యాద, పూర్తి డ్రెస్సు, హైకోర్టు కాబట్టి గౌనుతో సహా. కోర్టు తప్ప ఎవరూ రికార్డు చేయకూడదు, ఫోటో తీయకూడదు. మురిపెంగా మీవారు మీ వెనక నుంచి తెర ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టినా అది ఉల్లంఘనే. ముందే చెప్పి ఉంచండి. తెర మీద పేరు దగ్గర ఐటెం నంబరు, మీ పేరు సరిగ్గా ఉండాలి. 2023 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు వీడియో విచారణల్లోకి ఎవరో చొరబడి అశ్లీల దృశ్యాలు పెట్టడంతో కొన్నాళ్లు వాటిని ఆపేయాల్సి వచ్చింది. ఎవరో తెలియని పేరు కనిపిస్తే కోర్టు సిబ్బంది ఇప్పుడు లోపలికి రానివ్వరు.

పడకగది కదా, మంచం కనిపిస్తుందని భయం వద్దు. మీ వీపు ఖాళీ గోడ వైపు ఉండేలా టేబులు వేస్తే మంచం కెమెరా వెనక్కి పోతుంది. కిటికీ మీ వెనక ఉండకూడదు, ముఖం నల్లగా పడుతుంది. ఎదురుగానో పక్కనో ఉండాలి. కెమెరా కళ్ల ఎత్తులో ఉండేలా లాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టినా చాలు. పదిన్నర నుంచి మీ ఐటెం వచ్చేదాకా వంటింట్లో మిక్సీ, కుక్కరు తిరక్కుండా చూసుకోవడం కష్టమే. మీ అత్తగారికి కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల వరుస) చూపించి, "అత్తయ్యా, ఇవాళ నాది 32వది, మధ్యాహ్నం దాకా రాకపోవచ్చు" అని పొద్దున్నే చెప్తే ఆవిడే వంట సర్దుకుంటారు. తెలియజేస్తే సాయపడని పెద్దవాళ్లు తక్కువ.

ఇంటర్నెట్ వేగం గురించి కంగారు పడకండి. మంచి నాణ్యత గల జూమ్ వీడియోకు అటూ ఇటూ నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. ఇబ్బంది పెట్టేది వేగం కాదు, మధ్యలో పోవడం. మీ అపార్టుమెంటులో జనరేటరు ఉండే ఉంటుంది. కరెంటు పోయి జనరేటరు అందుకోవడానికి పట్టేది కొద్ది సెకన్లే. కానీ ఆ కొద్ది సెకన్లలో రూటర్ ఆరిపోతుంది, మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. మీ కేసు పిలిచి "హాజరు లేరు" అని రాసుకోవడానికి ఆ రెండు నిమిషాలు చాలు. దీనికి రూటర్ కోసమే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు. కొనేముందు రూటర్ అడాప్టర్ వెనక రాసి ఉన్న వోల్టులు, యాంపియర్లు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది గానీ యాంపియర్లలో తేడా ఉంటుంది. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కనెక్షన్ ఇవ్వాలి. లాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో రూటర్‌కు కలపండి. ఫైబర్ ఒక కంపెనీది, ఫోను డేటా ఇంకో కంపెనీది ఉండాలి. ఫోనులో జూమ్ లాగిన్ చేసి, ఛార్జింగు పెట్టి పక్కనే ఉంచుకోండి.

ఇన్ని చేసినా అవతల ఒక మనిషి ఉండాలి. ఇంటి ఆఫీసు అంటే నాలుగు గోడలే అనుకుంటాం గానీ, మీ ఆఫీసులో సగం గుంటూరులోనే ఉంటుంది. వకాల్తా మీద క్లయింటు సంతకం కావాలి, అఫిడవిట్ మీద ప్రమాణం జరగాలి, సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి, అభ్యంతరాలు సరిచేయాలి, కట్ట పట్టుకెళ్లి కోర్టు ఆఫీసు సెక్షన్లో ఇవ్వాలి. ఇవి జూమ్‌లో జరగవు. అక్కడి మీ పాత గుమాస్తాను వదులుకోకండి. నెల జీతం ఇవ్వలేకపోతే కేసుకింత అని మాట్లాడుకోండి. కోర్టు హాల్లో లింకు తెగిపోయినప్పుడు "మేడమ్ వీడియోలో ఉన్నారు, ఒక్క నిమిషం పాస్ ఓవర్ ఇవ్వండి, కాసేపాగి మళ్లీ పిలవండి" అని చెప్పగల జూనియర్‌తోనో స్నేహితురాలితోనో ముందే ఒప్పందం చేసుకోండి. లక్షలో ఒక పదిహేను వేలు దీనికే పక్కన పెట్టమంటాను. కుర్చీకి ఎనిమిది, పది వేలు పెట్టండి, నడుముకు ఆసరా ఇచ్చేది, ఎత్తు మార్చుకునేది చాలు. టేబులు నాలుగడుగుల పొడవుంటే సరిపోతుంది. వీటి మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఒక్క పని మాత్రం ఇంటి నుంచి చేయకండి. సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసే రోజున గుంటూరు వెళ్లండి. సాక్షి ఎవరి వైపు చూసి జవాబు చెప్తున్నాడు, ఏ కాగితం చూపిస్తే చేయి వణికింది, ఇవి తెర మీద కనబడవు. కొండవీడు ఎక్స్‌ప్రెస్ యశ్వంతపూర్ నుంచి గుంటూరు మీదుగానే మచిలీపట్నం వెళ్తుంది. క్రాస్‌లు రెండు మూడు ఒకే వారంలో పడేలా వాయిదాలు అడిగి తీసుకుంటే నెలకో ప్రయాణంతో గడుస్తుంది. ఆ వారంలోనే కొత్త క్లయింట్లను కూడా ముఖాముఖి కలవండి. తన కాపురం సంగతి మొదటిసారి చెప్పుకునే ఆడమనిషి తెర ముందు సగమే చెప్తుంది.

కాగితాలు పెట్టుకోవడానికి తాళం వేసే స్టీలు బీరువా ఒకటి తీసుకోండి. అసలు దస్తావేజులు ఇంట్లో ఉంచుకోకపోవడమే మేలు. చూసుకుని, స్కాన్ చేసుకుని, రసీదు రాయించుకుని తిరిగి ఇచ్చేయండి. ఉంచక తప్పకపోతే ఏ తేదీన ఏది వచ్చింది, ఎప్పుడు ఇచ్చేశాం అని ఒక రిజిస్టరు రాయండి. కింది అంతస్తు అయితే కింది అరలో ఏమీ పెట్టకండి. 2022 సెప్టెంబరు వానలకు మహదేవపుర, బెళ్లందూరు వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో ఇక్కడివాళ్లు ఇంకా మర్చిపోలేదు.

క్లయింట్లు ఇంటికి రావడం గురించి అడిగారు. వద్దనే చెప్తాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు వచ్చినవాళ్ల పేరు, ఫోను నంబరు, ఫోటో యాప్‌లో ఎక్కిస్తారు. ఆ నోటిఫికేషన్ మీ ఫ్లాటులో అందరి ఫోన్లకూ వస్తుంది. ఎవరు వకీలు దగ్గరికి వచ్చారో అన్నది కూడా క్లయింటు రహస్యమే. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఫ్యామిలీ కేసుల్లో ఎదురు పక్షానికి మన మీద కోపం ఉంటుంది. లీగల్ నోటీసు మీద, వకాల్తా మీద ఇంటి అడ్రసు వేస్తే, తాగిన మొగుడొకడు రాత్రి పూట తలుపు కొడితే తీసేది మీ అత్తగారో, బాబో. గుంటూరులో మీ సీనియర్ చాంబరు అడ్రసు వాడుకోవడానికి ఆయన అనుమతి తీసుకోండి. లెటర్‌హెడ్ మీదా అదే వేయండి. బెంగళూరులో ఎవరినైనా కలవాల్సి వస్తే గంటల లెక్కన అద్దెకిచ్చే మీటింగ్ గదులు చాలా ఉన్నాయి. అద్దాల గది కాకుండా గోడలున్న గది అడగండి.

ఇంటికి ఎవరూ రానప్పుడు బోర్డు అవసరమే లేదు. పెట్టుకోవాలనే ఉంటే పేరు, అడ్వకేటు అని చిన్నగా రాయించుకోవచ్చు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూలు ప్రకారం బోర్డు మితమైన సైజులో ఉండాలి, ఫలానా కేసుల్లో స్పెషలిస్టు అని రాయకూడదు. అదే రూలుకు 2008లో చేసిన సవరణ వల్ల సొంత వెబ్‌సైటులో పేరు, అడ్రసు, ఫోను, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రంగంలో ప్రాక్టీసు అన్నవి పెట్టుకోవచ్చు, అంతే. కేసులు తెచ్చిపెడతామని ఫోను చేసే ఆన్‌లైన్ పోర్టళ్లకు దూరంగా ఉండండి. వాటి మీద చర్య తీసుకోమని మద్రాసు హైకోర్టు 2024 జులైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది.

ఓనరుగారి భయానికి జవాబు ఉంది. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ టారిఫ్ ఆర్డర్లలో గృహ వినియోగం అంటే ఏమిటో వివరించిన చోట, ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఇంట్లో కొంత భాగాన్ని ఇంజనీరింగ్, వైద్యం, జ్యోతిష్యం, న్యాయ విషయాలు, ఇన్‌కమ్ ట్యాక్స్ వంటి సలహా పనులకు వాడుకున్నా అది ఇంటి కనెక్షనే అని చెప్పారు. బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) వెబ్‌సైటులో తాజా ఆర్డరు తీసి ఆ పేజీ ప్రింటు ఆయన చేతికివ్వండి. లాప్‌టాప్, మానిటర్, లైటు, ఫ్యాను కలిపి రోజుకు ఒక యూనిట్ అటూ ఇటూ. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద ఉచిత కరెంటు వాడుతుంటే మాత్రం నెలకు 200 యూనిట్లు దాటకుండా చూసుకోండి, దాటితే మొత్తం బిల్లు మీరే కట్టుకోవాలి. వకీళ్ల ఆఫీసు వాణిజ్య సంస్థ కిందికి రాదని కేరళ షాపుల చట్టం కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది.

కరెంటు కంటే మీ అద్దె అగ్రిమెంటు చూసుకోవడం ముఖ్యం. "నివాసానికి మాత్రమే" అన్న షరతు అందులో దాదాపు ఖాయంగా ఉంటుంది. మనుషులు రాకుండా ఇంట్లో కూర్చుని రాసుకోవడానికి ఏ ఓనరూ అడ్డు చెప్పరు గానీ, "అద్దెకున్నవారు తమ వృత్తి పని ఇంట్లో చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని ఒక లైను రాయించి సంతకం పెట్టించుకోండి. క్లయింట్లకు మనం చెప్పే మాటే కదా ఇది.

మీరు అడగని ఒక సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దీన్ని పట్టించుకోక ఇబ్బంది పడే అవకాశం మీలాంటి వాళ్లకే ఎక్కువ. 2011 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చిన అడ్వకేట్స్ యాక్టు 30వ సెక్షన్ వల్ల దేశంలో ఏ కోర్టులోనైనా మీరు ప్రాక్టీసు చేయవచ్చు. కానీ మామూలుగా ఏ రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో (అడ్వకేట్ల జాబితాలో) పేరు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం ఉంది. అక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టిన ఆరు నెలల్లోగా పేరు బదిలీకి దరఖాస్తు పెట్టకపోతే దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూస్తారు. బెంగళూరులో కూర్చుని గుంటూరు, అమరావతి కేసులే నడిపినంత కాలం మీ ప్రాక్టీసు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నట్టు. కొన్నాళ్లకు మేయో హాల్ కోర్టులోనో, కేజీ రోడ్డు సిటీ సివిల్ కోర్టులోనో కేసులు వస్తాయి, వస్తే సంతోషమే. అవి మీ ప్రధాన పని అయ్యేలా కనిపిస్తే అడ్వకేట్స్ యాక్టు 18వ సెక్షన్ కింద బదిలీకి పెట్టుకోండి. చట్ట ప్రకారం దానికి ఫీజు లేదు, సీనియారిటీ పోదు. ఆ ఆరు నెలలను ఇక్కడ మొదటి వకాల్తా మీద సంతకం పెట్టిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, ఆ తేదీ డైరీలో రాసిపెట్టుకోండి.